గోల్ కొడితే మనోడు, మిస్సయితే పరాయోడు: బలోటెల్లి కెరీర్‌లో రెండు లెక్కలు

2022 మార్చి 24. ఇటలీ దక్షిణాన సిసిలీ ద్వీపంలోని పలెర్మో నగరం. వరల్డ్ కప్ ప్లేఆఫ్ మ్యాచ్. అంతకుముందు ఏడాది జులైలోనే యూరో కప్ గెలిచిన ఇటలీ, చిన్న దేశమైన నార్త్ మాసిడోనియాతో ఆడుతోంది. ఇటలీ ఆటగాళ్లు 32 షాట్లు కొట్టారు. ఒక్కటీ గోల్ కాలేదు. 90 నిమిషాలు దాటాక, ఎక్స్‌ట్రా టైంకి వెళ్తుందిలే అనుకుంటున్న సమయంలో మాసిడోనియా ఒకే ఒక్క గోల్ కొట్టింది. అంతే. 2018 తర్వాత వరసగా రెండో వరల్డ్ కప్‌కీ ఇటలీ దూరమైంది.

ఆ రోజు ఇటలీకి కొరవడింది గోల్ కొట్టేవాడు. సరిగ్గా అదే పలెర్మోలో 1990 ఆగస్టు 12న పుట్టిన ఒక స్ట్రైకర్ మాత్రం ఆ జట్టులో లేడు. రెండు నెలల ముందు, జనవరిలో, కోచ్ రొబెర్టో మాన్చీని అతన్ని ట్రైనింగ్ క్యాంప్‌కి పిలిచాడు. మార్చి లిస్టులో మాత్రం పేరు రాలేదు. ఆ సీజన్ అతను టర్కీ లీగ్‌లో అదానా దెమిర్‌స్పోర్ తరఫున 18 గోల్స్ కొట్టాడు. అతను ఉంటే ఇటలీ గెలిచేదా అన్నది వేరే చర్చ, దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

అతనే మారియో బలోటెల్లి. పేరు చెప్పగానే చాలామంది కుర్రాళ్లకి గుర్తొచ్చేవి రెండే. ‘వై ఆల్వేజ్ మీ?’ అని రాసున్న టీషర్టు ఒకటి, అతని ఇంటి బాత్రూంలో పేలిన టపాసులు ఇంకోటి. యూట్యూబ్‌లో ఆ వీడియోలు చూసి నవ్వుకుంటారు. కానీ ఈ కెరీర్‌ని నవ్వులాటగా చూసి వదిలేస్తే అసలు విషయం చేజారుతుంది. ఇందులో రెండు లెక్కలున్నాయి. ఒకటి ఆట లెక్క: టాలెంట్ ఎంత, అందులో వాడుకున్నది ఎంత. రెండోది కాగితం లెక్క: ఈ మనిషి ఈ దేశం వాడా కాదా. ఈ రెండింటికీ సంబంధం ఉండకూడదు. ఇటలీలో ఉంది. బలోటెల్లి కథలోని చిక్కంతా అక్కడే.

పుట్టింది అక్కడే, కాగితం మాత్రం 18 ఏళ్లకి

బలోటెల్లిని కన్నవాళ్లు ఘనా నుంచి ఇటలీకి వలస వెళ్లిన దంపతులు. పుట్టుకతోనే పేగులకు సంబంధించిన జబ్బు, ఆపరేషన్లు, ఆస్పత్రులు. రెండేళ్ల వయసులో కుటుంబం ఉత్తరాన బ్రెషా జిల్లాకి మారింది. డబ్బు లేదు, ఇల్లు ఇరుకు. 1993లో పిల్లాడిని పెంపకం కోసం బలోటెల్లి అనే ఇటాలియన్ కుటుంబానికి అప్పగించారు. మూడేళ్ల వయసు నుంచి అతని అమ్మ సిల్వియా, నాన్న ఫ్రాంచెస్కో.

అయితే చట్టం దృష్టిలో పెంపకం వేరు, దత్తత వేరు. దత్తత అయితే పౌరసత్వం వచ్చేది. పెంపకం కాబట్టి రాలేదు. పుట్టింది ఇటలీలో, మాట్లాడేది బ్రెషా యాసలో, చదివింది ఇటాలియన్ బడిలో, పెంచింది ఇటాలియన్ తల్లి. అయినా కాగితాల మీద విదేశీయుడే.

దీనికి కారణం 1992లో వచ్చిన 91వ నంబర్ చట్టం. ఇటలీలో పౌరసత్వం పుట్టిన నేలను బట్టి కాదు, రక్త సంబంధాన్ని బట్టి వస్తుంది. విదేశీ తల్లిదండ్రులకు ఇటలీలో పుట్టిన పిల్లలు 18 ఏళ్లు నిండేదాకా ఆగాలి. అన్నేళ్లూ చట్టప్రకారం, మధ్యలో తెగిపోకుండా అక్కడే నివాసం ఉన్నట్టు చూపించాలి. 18 నిండాక ఒక్క ఏడాది లోపు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ ఏడాది దాటిందా, ఈ దారి మూసుకుపోతుంది. ఈలోపు తల్లో తండ్రో పౌరసత్వం తెచ్చుకుంటే వాళ్లతో ఉంటున్న మైనర్ పిల్లలకీ వస్తుంది. కానీ యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చిన తల్లిదండ్రులకి అందుకు పదేళ్ల నివాసం కావాలి, ఆపైన ఫైలు కదలడానికి ఇంకొన్నేళ్లు.

గల్ఫ్‌లో పిల్లలు పుట్టిన కుటుంబాలకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. రియాద్‌లోనో జిద్దాలోనో పుట్టి, అక్కడే స్కూలుకెళ్లి, అక్కడి గల్లీల్లోనే బంతి తన్నిన పిల్లలకీ చేతిలో ఉండేది ఇండియా పాస్‌పోర్టే. ఇఖామా అయిపోతే సామాను సర్దుకోవాల్సిందే. అయితే ఒక తేడా ఉంది. గల్ఫ్‌లో ఆ పిల్లలకి వెనక్కి రావడానికి ఒక వతన్ ఉంటుంది, నాన్నమ్మ ఇల్లు ఉంటుంది, సెలవులకి వచ్చి చూసిన ఊరు ఉంటుంది. బలోటెల్లికి ఇటలీ తప్ప ఇంకో ఊరే లేదు.

ఈ కాగితం ఆటకి అడ్డొచ్చింది కూడా. 15 ఏళ్లకే లుమెజ్జానే అనే చిన్న క్లబ్ తరఫున మూడో డివిజన్ మ్యాచ్ ఆడినవాడు, ఇటలీ జూనియర్ జట్లలో ఆడటానికి మాత్రం అర్హుడు కాడు. 2007 ఆగస్టులో, 17 నిండటానికి అయిదు రోజుల ముందు, ఘనా సీనియర్ జట్టు కోచ్ క్లాడ్ లెరోయ్ నుంచి పిలుపు వచ్చింది. వరల్డ్ కప్ ఆడిన జట్టు, సీనియర్ టీం, వెంటనే చోటు. ఎవరైనా ఎగిరి గంతేస్తారు. బలోటెల్లి వద్దన్నాడు. ఇటలీ కోసం ఇంకో ఏడాది ఆగాడు. 2008 ఆగస్టు 13న, 18 నిండిన మర్నాడే, కొన్చేజియో మున్సిపాలిటీలో పౌరసత్వం తీసుకున్నాడు. మూడు వారాల తర్వాత సెప్టెంబర్ 5న గ్రీస్ మీద ఇటలీ అండర్-21 జట్టుకి ఆడి, మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు.

పాస్‌పోర్టు వచ్చినా కేకలు ఆగలేదు

అప్పటికే అతను ఇంటర్ మిలాన్ ఆటగాడు. 2007 డిసెంబర్‌లో సీరీ ఆలో అడుగుపెట్టాడు. 2008 జనవరిలో ఇటలీ కప్ మ్యాచ్‌లో యువెంటస్ మీద రెండు గోల్స్. మే నెలకల్లా లీగ్ టైటిల్. అంటే దేశంలోని అతిపెద్ద టైటిల్ గెలిచిన జట్టులో ఉన్నాడు గానీ, ఆ దేశం పౌరుడు కాడు.

పౌరసత్వం చేతికొచ్చాక సమస్య తీరాలి కదా? తీరలేదు. 2009 ఏప్రిల్‌లో టూరిన్‌లో యువెంటస్‌తో మ్యాచ్. ఇంటర్ గోల్ కొట్టింది బలోటెల్లే. స్టేడియంలో ఒక భాగం నుంచి కేకలు మొదలయ్యాయి. నల్ల ఇటాలియన్లు అనేవాళ్లే లేరన్నది ఆ కేకల సారాంశం. ఒక మ్యాచ్ ప్రేక్షకులు లేకుండా ఆడాలని యువెంటస్‌కి శిక్ష పడింది.

2010 నవంబర్‌లో జరిగింది ఇంకా ఘోరం. ఆస్ట్రియాలోని క్లాగెన్‌ఫర్ట్‌లో రుమేనియాతో ఫ్రెండ్లీ. ఈసారి అతని ఒంటి మీద ఉన్నది ఇంటర్ చొక్కా కాదు, ఇటలీ నీలం చొక్కా. ఎగతాళి చేసింది ఎదుటి జట్టు అభిమానులు కాదు, ఇటలీ అభిమానుల్లోనే ఒక గుంపు. రకరకాల జాతుల జాతీయ జట్టు మాకొద్దంటూ వాళ్లు బ్యానర్ పట్టారు. రెండేళ్ల కింద ప్రభుత్వం ఇచ్చిన కాగితం ఆ గుంపు దృష్టిలో చెల్లలేదు.

మాంచెస్టర్ ఖాతాలో సొంత తప్పులు

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. బలోటెల్లి కెరీర్ పాడవడానికి జాత్యహంకారం ఒక్కటే కారణం అంటే అది అబద్ధం. ఆట లెక్కలో ఎక్కువ తప్పులు అతని పేరు మీదే ఉన్నాయి.

ఇంటర్‌లో ఉండగానే పోటీ క్లబ్ ఏసీ మిలాన్ చొక్కా వేసుకుని టీవీలో కనిపించాడు. 2010 ఏప్రిల్‌లో బార్సిలోనాతో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ అయ్యాక, జట్టు గెలిచినా, తన చొక్కా విప్పి నేలకేసి కొట్టాడు. ఆ ఏడాది ఆగస్టులో మాంచెస్టర్ సిటీ సుమారు 2 కోట్ల 40 లక్షల పౌండ్లకి కొనుక్కుంది. అక్కడ జూనియర్ ఆటగాళ్ల మీద డార్ట్ బాణాలు విసిరాడు. 2011-12 సీజన్‌లో సస్పెన్షన్ల వల్లే 11 మ్యాచ్‌లు పోగొట్టుకున్నాడు. దానికి క్లబ్ రెండు వారాల జీతం జరిమానా వేస్తే, ఆ జరిమానా మీద లీగ్ ట్రిబ్యునల్ దాకా వెళ్లి, చివరి నిమిషంలో వెనక్కి తగ్గాడు. 2013 జనవరిలో ట్రైనింగ్ గ్రౌండ్‌లో కోచ్ మాన్చీనితోనే పెనుగులాట. ఇంటర్‌లో 17 ఏళ్లకే అవకాశమిచ్చినవాడు, సిటీకి తెచ్చుకున్నవాడు, ప్రతి గొడవలోనూ వెనకేసుకొచ్చినవాడు ఆ మాన్చీనే.

అదే సిటీలో అతను చేసిన మంచి కూడా రాయాలి. 2011లో ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌లో మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. ఆ అక్టోబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్ మీద 6-1 గెలుపులో రెండు గోల్స్. 2012 మే 13న లీగ్ టైటిల్ తేలాల్సిన చివరి నిమిషంలో, కింద పడిపోతూ కూడా బంతిని అగ్వేరోకి అందించింది అతనే. అగ్వేరో కొట్టిన ఆ గోల్ లక్షల మంది చూశారు. పాస్ ఇచ్చినవాడిని గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ.

అకౌంట్స్ చదివినవాళ్లకి ఈ కెరీర్ ఇంకో రకంగా కనిపిస్తుంది. క్లబ్ బ్యాలెన్స్ షీట్‌లో ఆటగాడు ఒక ఆస్తి. కొన్న ధరని కాంట్రాక్ట్ ఏళ్ల మీద పంచి ఏటా ఖర్చు రాస్తారు. మంచి స్ట్రైకర్ విషయంలో పుస్తకాల్లో విలువ తగ్గినా మార్కెట్లో ధర పెరుగుతుంది. క్లబ్‌లకి లాభం అక్కడే. బలోటెల్లి విషయంలో తిరగబడింది. 2010లో సుమారు 2 కోట్ల 40 లక్షల పౌండ్లు. 2014లో లివర్‌పూల్ ఇచ్చింది సుమారు కోటి 60 లక్షల పౌండ్లు. 2016లో ఫ్రాన్స్ క్లబ్ నీస్‌కి వెళ్లినప్పుడు ట్రాన్స్‌ఫర్ ఫీజు సున్నా. ఆరేళ్లు. స్ట్రైకర్‌కి బంగారం లాంటి 20 నుంచి 26 ఏళ్ల వయసు. ఆ తరుగుదలకి బాధ్యత చాలావరకు అతనిదే. ఏ కేకలూ డార్ట్ బాణాలు విసరమని చెప్పలేదు.

వార్సాలో దొరికిన గౌరవం

2012 యూరో కప్. ఇటలీ తరఫున పెద్ద టోర్నీలో ఆడిన మొదటి నల్ల ఆటగాడు బలోటెల్లి. టోర్నీ మధ్యలోనే ఇటలీ క్రీడా పత్రిక గజెట్టా డెల్లో స్పోర్ట్ అతన్ని లండన్ గడియారం టవర్ మీద కింగ్ కాంగ్‌గా చూపిస్తూ కార్టూన్ వేసింది. విమర్శలు వచ్చాక క్షమాపణ చెప్పింది.

జూన్ 28న వార్సాలో జర్మనీతో సెమీఫైనల్. 20వ నిమిషంలో అంతోనియో కస్సానో ఎడమ వైపు నుంచి వేసిన క్రాస్‌ని తలతో గోల్‌లోకి పంపాడు. 36వ నిమిషంలో వెనక నుంచి వచ్చిన పొడవాటి పాస్ అందుకుని కుడికాలితో కొట్టాడు. గోల్‌కీపర్ నోయర్‌కి కదిలే టైం కూడా దొరకలేదు. చొక్కా విప్పి కండలు బిగించి కదలకుండా నిలబడ్డ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఇటలీ 2-1తో గెలిచింది. మ్యాచ్ అయ్యాక స్టాండ్స్‌లో ఉన్న అమ్మ సిల్వియా దగ్గరికి వెళ్లి వాటేసుకున్నాడు.

ఆ ఒక్క రాత్రి అతను ఇటాలియనా కాదా అని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కొత్త ఇటలీకి ఇతనే ముఖం అని రాశారు. పౌరసత్వ చట్టం మార్చాలన్న చర్చ ఊపందుకుంది. వినడానికి బాగుంది. కానీ ఇందులో ఒక ప్రమాదం దాగుంది. హక్కుకి సాక్ష్యంగా గోల్‌ని చూపిస్తే, గోల్ ఆగిన రోజు హక్కు కూడా ఆగిపోతుంది.

ఆ రోజు రావడానికి రెండేళ్లే పట్టింది. 2014 బ్రెజిల్ వరల్డ్ కప్ మొదటి మ్యాచ్‌లో ఇంగ్లండ్ మీద గెలుపు గోల్ బలోటెల్లిదే. తర్వాత కోస్టారికా చేతిలో 0-1, ఉరుగ్వే చేతిలో 0-1. ఇటలీ ఇంటికి. జట్టు మొత్తం విఫలమైంది. ఆ రెండు మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా ఎవరూ కొట్టలేదు. కానీ నువ్వు నిజమైన ఇటాలియన్‌వి కాదు అన్న మాట ఒక్కడికే వచ్చింది. అతను సోషల్ మీడియాలో బదులిచ్చాడు. ఇటలీలో పుట్టాను, ఎప్పుడూ ఇటలీలోనే బతికాను, కాబట్టే ఇటాలియన్‌ని కావాలని గట్టిగా కోరుకున్నాను అన్నది అందులోని సారం. తర్వాత దాదాపు నాలుగేళ్లు ఇటలీ చొక్కాలో అతను మ్యాచ్ ఆడలేదు.

కస్సానోని ఎవరూ ఆ మాట అనలేదు

వార్సాలో ఆ క్రాస్ వేసిన కస్సానోని ఇక్కడ పక్కన నిలబెట్టి చూడాలి. బారి నగరంలో పేద పేటలో పుట్టాడు. 17 ఏళ్లకే ఇంటర్ మీద అద్భుతమైన గోల్ కొట్టి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆ తర్వాత రోమాలో గొడవలు. రియల్ మాడ్రిడ్‌కి వెళ్లి ఒళ్లు పెంచుకుని బెంచీ మీద కూర్చున్నాడు. 2010లో సంప్‌డోరియా క్లబ్ యజమానినే తిట్టి ఆ క్లబ్ వదలాల్సి వచ్చింది. అతని పిచ్చి పనులకి కోచ్ ఫాబియో కపెల్లో ఏకంగా ఒక కొత్త మాటే పుట్టించాడు, ‘కస్సనాత’ అని. ఇటాలియన్లు ఇప్పటికీ వాడతారు.

టాలెంట్ వృథా చేసుకోవడంలో ఇద్దరూ ఒకరికొకరు తీసిపోరు. 2014లో ఓడిన జట్టులోనూ ఇద్దరూ ఉన్నారు. కస్సానోని బద్ధకస్తుడన్నారు, నోటి దురుసన్నారు, బుర్ర లేదన్నారు. నువ్వు ఇటాలియన్‌వేనా అని మాత్రం ఎవరూ అడగలేదు. అతని తప్పులు ఆట లెక్కలోనే ఉండిపోయాయి. బలోటెల్లి తప్పులు మాత్రం ప్రతిసారీ కాగితం లెక్కలోకి పాకాయి. వివక్ష అంటే తిట్లు ఒక్కటే కాదు. ఒకే తప్పుకి ఇద్దరికి వేర్వేరు బిల్లులు వేయడం కూడా వివక్షే.

పిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ తేడా అర్థమవుతుంది. ఒక కుర్రాడు స్కూల్లో అల్లరి చేస్తే వాడు అల్లరోడు. ఇంకో కుర్రాడు అదే అల్లరి చేస్తే వాళ్లంతా అంతే. మొదటివాడికి శిక్ష ఆ రోజుతో అయిపోతుంది. రెండోవాడు తన ఇంటి పేరు మొత్తాన్ని భుజాన వేసుకుని తిరగాలి.

సొంత ఊరికి వచ్చినా

నీస్‌లో అతను మళ్లీ లేచాడు. మొదటి సీజన్‌లో 15 లీగ్ గోల్స్, రెండో సీజన్‌లో 18. 2018 మేలో ఇటలీ కోచ్‌గా వచ్చిన మాన్చీని అతన్ని వెనక్కి పిలిచాడు. ఆ నెల 28న సౌదీ అరేబియాతో స్విట్జర్లాండ్‌లో ఫ్రెండ్లీ. నాలుగేళ్ల తర్వాత వచ్చినవాడు గోల్ కొట్టాడు. అతన్ని కెప్టెన్ చేయొచ్చన్న చర్చ అప్పుడు నడుస్తోంది. స్టేడియంలో ఒక బ్యానర్ కనిపించింది: నా కెప్టెన్ ఇటాలియన్ రక్తంవాడు అని. 1992 చట్టంలో ఉన్న మాటే ఆ గుడ్డ మీదా ఉంది. రక్తం. 2018 సెప్టెంబర్‌లో పోలండ్‌తో మ్యాచ్ తర్వాత జాతీయ జట్టులో అతని కథ ఆగిపోయింది. మొత్తం 36 మ్యాచ్‌లు, 14 గోల్స్.

2019లో పెరిగిన ఊరి క్లబ్ బ్రెషాకి వచ్చాడు. నవంబర్ 3న వెరోనాలో మ్యాచ్. రెండో సగంలో కేకలు వినపడగానే బంతిని చేత్తో పట్టుకుని స్టాండ్స్‌లోకి తన్ని, మైదానం వదిలి నడవబోయాడు. ఆటగాళ్లు బతిమాలి ఆపారు. ఆట కాసేపు ఆగింది. తిరిగి ఆడి, చివర్లో అద్భుతమైన గోల్ కూడా కొట్టాడు. అతను ఎప్పటికీ పూర్తి ఇటాలియన్ కాలేడని వెరోనా అభిమానుల నాయకుడొకడు రేడియోలో అన్నాడు. ఆ మాట మీద వెరోనా క్లబ్ అతన్ని 2030 దాకా స్టేడియంలోకి రాకుండా నిషేధించింది. అదే నెలలో సొంత క్లబ్ బ్రెషా అధ్యక్షుడు మాసిమో చెల్లీనో బలోటెల్లి రంగు మీద జోక్ వేశాడు. క్లబ్ అది సరదా మాటే అని సర్దిచెప్పింది.

అప్పటికి అతని వయసు 29. పాస్‌పోర్టు వచ్చి 11 ఏళ్లు. అయినా పరీక్ష ఇంకా అయిపోలేదు.

తాతది ఇటలీ అయితే చాలు

ఇక ఇంకో స్ట్రైకర్ కథ. మటెయో రెటెగి పుట్టింది, పెరిగింది, ఆట నేర్చుకుంది అర్జెంటీనాలో. తల్లి వైపు తాతది సిసిలీ. ఆ తాత పుణ్యాన పాస్‌పోర్టుకి హక్కు వచ్చింది. 2023 మార్చిలో గోల్ కొట్టేవాళ్లు దొరక్క వెతుకుతున్న మాన్చీని అతన్ని పిలిచాడు. అప్పటికి అతనికి ఇటాలియన్ భాష సరిగా రాదు. నేపుల్స్‌లో ఇంగ్లండ్ మీద మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. 2024-25లో అటలాంటా తరఫున 25 గోల్స్‌తో సీరీ ఆ టాప్ స్కోరర్. తర్వాత సౌదీ క్లబ్ అల్ ఖాద్సియాకి వెళ్లాడు.

రెటెగి చేసింది తప్పు కాదు. చట్టం ఇచ్చిన హక్కు వాడుకున్నాడు. ప్రశ్న చట్టానికి. సిసిలీ నుంచి వలస వెళ్లినవాడి మనవడు సముద్రాల అవతల పుట్టినా ఇటాలియన్. సిసిలీ రాజధానిలోనే పుట్టినవాడు 18 ఏళ్లు క్యూలో నిలబడాలి. ఇద్దరూ స్ట్రైకర్లే, ఇద్దరి వేర్లూ ఒకే ద్వీపంలో ఉన్నాయి. తేడా అల్లా రక్తం.

ఈ చట్టం మార్చే ప్రయత్నాలు జరక్కపోలేదు. 2015లో దిగువ సభ ఒక బిల్లు పాస్ చేసింది. 2017 డిసెంబర్‌లో సెనేట్‌లో సరిపడా సభ్యులు హాజరు కాకపోవడంతో అది అక్కడే ఆగిపోయింది. 2025 జూన్ 8, 9 తేదీల్లో రెఫరెండం పెట్టారు. పదేళ్ల నివాస నిబంధనని అయిదేళ్లకి తగ్గించాలా వద్దా అన్నది ప్రశ్న. తగ్గి ఉంటే తల్లిదండ్రులతో పాటు వేలాది పిల్లలకీ త్వరగా కాగితం వచ్చేది. ఓటేసినవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది అవును అన్నారు. కానీ రెఫరెండం చెల్లాలంటే సగం మందికి పైగా ఓటర్లు రావాలి. వచ్చింది సుమారు 30 శాతం. ప్రధాని జార్జియా మెలోని పోలింగ్ కేంద్రానికి వెళ్లి కూడా బ్యాలెట్ తీసుకోలేదు. వద్దు అని గెలవక్కర్లేకుండా, ఇంట్లో కూర్చునే ఓడించారు.

చట్టం ఇంకో వైపు మాత్రం మారింది. 2025లోనే రక్త సంబంధంతో వచ్చే పౌరసత్వాన్ని చాలావరకు తల్లిదండ్రులు, తాతల తరం దాకా కుదించారు. ముత్తాత పేరు చెప్పి పాస్‌పోర్టు అడిగే దారి మూసేశారు. కానీ ఇటలీలో పుట్టిన పిల్లలకి దారి వెడల్పు చేయలేదు.

మిగిలిన పిల్లల సంగతి

బలోటెల్లి వల్ల ఏమీ మారలేదా అంటే, మైదానంలో కొంత మారింది. ఐవరీ కోస్ట్ తల్లిదండ్రులకి 2000లో ఇటలీలో పుట్టిన మోయిసె కీన్ ఇప్పుడు జాతీయ జట్టు స్ట్రైకర్. 2024-25లో ఫియొరెంటీనా తరఫున 19 లీగ్ గోల్స్ కొట్టాడు. అయితే 2019 ఏప్రిల్‌లో కాల్యారీలో కీన్ మీద కేకలు వచ్చినప్పుడు, సొంత జట్టు సీనియర్ లియొనార్డో బొనూచ్చి తప్పు చెరిసగం అన్నట్టు మాట్లాడాడు. గోల్ కొట్టాక ఆ కుర్రాడు ప్రేక్షకుల ముందు చేతులు చాచి నిలబడటమే అతనికి కనిపించిన తప్పు. విమర్శలు వచ్చాక తన మాట సరిచేసుకున్నాడు. 2024లో వాలీబాల్ తార పావొలా ఎగోనూ ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన వెంటనే రోమ్‌లో ఆమె బొమ్మ వేసిన గోడ మీద రంగు పూసి, చర్మాన్ని గులాబీ రంగులోకి మార్చారు. గోల్డ్ మెడల్ తెచ్చినా గోడ మీద ఒక్క రోజు ప్రశాంతంగా ఉండనివ్వలేదు.

మెడల్ తెచ్చినవాళ్లకే ఇలా ఉంటే, తేలేనివాళ్ల సంగతేంటి? బలోటెల్లి పెరిగిన బ్రెషా జిల్లాలో ఈ రోజు పెద్ద సంఖ్యలో పంజాబీ, పాకిస్తానీ కుటుంబాలున్నాయి. ఫ్యాక్టరీల్లో, పాడి పశువుల దగ్గర పనిచేసేవాళ్ల పిల్లలు అక్కడి బడుల్లోనే చదువుతున్నారు. వాళ్లలో ఎంతమంది ఫుట్‌బాలర్లు అవుతారు? చాలామంది మామూలుగానే పెరుగుతారు. ఒకరు ఎలక్ట్రీషియన్, ఒకరు నర్స్, ఒకరు దుకాణంలో లెక్కలు రాసేవాడు. వాళ్ల కోసం వార్సా లాంటి రాత్రి ఎప్పటికీ రాదు. వాళ్ల హక్కుకి గోల్ సాక్ష్యం అక్కర్లేదు, పుట్టి పెరగడమే సాక్ష్యం కావాలి.

అందుకే బలోటెల్లిని హీరోగా నిలబెట్టి హక్కు అడగడం కంటే, అతని లోపాలతో సహా ఒప్పుకుని అడగడమే సరైన వాదన. బాగా ఆడినవాడికి చోటివ్వడం ఏ దేశానికైనా తేలికే. బాగా ఆడనివాడికీ, కోపిష్టికీ, తప్పులు చేసినవాడికీ పక్కవాడితో సమానంగా తిట్లు తినే హక్కు ఉండాలి, అంతకంటే ఒక్క మాట ఎక్కువ పడకూడదు. ఇన్సాఫ్ అంటే అదే.

2024 అక్టోబర్‌లో 34 ఏళ్ల వయసులో బలోటెల్లి జెనోవా క్లబ్‌కి వచ్చాడు. కాసేపు, కాసేపు దిగాడే గానీ గోల్ కొట్టలేదు, కొన్ని నెలలకే వెళ్లిపోయాడు. ఆట లెక్క ఇక తేలిపోయినట్టే: దేవుడిచ్చింది చాలా ఎక్కువ, దక్కించుకున్నది తక్కువ, నష్టంలో పెద్ద వాటా అతనిదే. ఆ ఖాతా అతను మూసుకుంటాడు. రెండో ఖాతా అతనిది కాదు, ఇటలీ ప్రభుత్వానిది. బ్రెషా బడుల్లో ఏడో తరగతి చదువుతున్న ఒక పన్నెండేళ్ల పిల్ల, అక్కడే పుట్టినా, తల్లిదండ్రులకి కాగితం రాకపోతే ఇంకో ఆరేళ్లు ఆగాల్సిందే. ఆ ఆరేళ్లలో ఆమె ఎన్ని మార్కులు తెచ్చుకున్నా, ఎన్ని గోల్స్ కొట్టినా, ఒక్క రోజు కూడా తగ్గదు.